బొటనవేలి మందం

అయ్యాషీ తన వదిన వంటింటికి కొత్త టైల్స్ వేయిస్తున్నాడని వీధివాళ్ళంతా రొట్టెలు కాల్పించుకునే పొయ్యి దగ్గర ఫామా అన్నదట. ఊరికే అనడం కూడా కాదట, కాల్చడానికి తెచ్చిన రొట్టెల చెక్కను నేల మీద దించి, గుండెమీద చెయ్యి వేసుకుని మరీ అన్నదట: "అన్న పోయి ఇంకా నలభయ్యోనాడు కూడా రాలేదు, అప్పుడే వదిన కాళ్ళ కింద నేల మెరవాలంటున్నాడు. తోడబుట్టినవాడంటే అట్టా ఉండాలి. నాకూ ఉన్నారు మరుదులు, నేను పోతే నోట్లో పన్ను కూడా పీక్కుపోయే రకం."

ఈ మాటను కాలిన రొట్టెలతో పాటు వేడివేడిగా మోసుకొచ్చింది ఎదురింటి షామా. ఆ వదిన, మెన్నానా, మొగుడు పోయి తెల్లబట్టలు కట్టుకుని ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి ఆమె పిండిని పొయ్యికి చేర్చేదీ, రొట్టెలు తెచ్చేదీ, వాటితో పాటు వజ్జాన్ ఊళ్ళో ఎవరేమన్నారో తెచ్చేదీ ఆ ముసలమ్మే.

"ఫామా మొగుడు పనిచేసేది అయ్యాషీ నూనె గానుగలోనేగా," అంది షామా గడపమీద చతికిలబడుతూ. "దాని నాలుక మీద ఉన్నది ఆ ఇంటి నూనె. జారకుండా ఎట్టా ఉంటుంది?"

"అంటే వేయించడంటావా అత్తా?"

"వేయించడని ఎవరన్నారే? వేయిస్తాడు. ఎందుకు వేయిస్తాడా అని నా నొప్పి. అన్న బతికుండగా ఈ గడపలోకి చెంచాడు నూనె తేనివాడు."

మెన్నానా రొట్టెల మీది గుడ్డ సర్దుతూ ఉండిపోయింది. నిజం చెప్పాలంటే ఆమెకు లోపల సంతోషమే వేసింది. ఆ వంటింటి నేలకూ ఆమెకూ కాపురానికి వచ్చిననాటి నుంచీ తగువు. ఎర్రవీ నల్లవీ సిమెంటు బిళ్ళలు, పొయ్యి ముందర అరిగి గుంట పడ్డాయి. రోజూ పొద్దున్నే బకెట్టుడు నీళ్ళు కుమ్మరించి మూలనున్న తూము దాకా తోస్తే, సగం నీళ్ళు ఆ గుంటలోనే నిలబడేవి. మొగుడు అల్లాల్‌ను అడిగినప్పుడల్లా "వచ్చే ఏడు కాయ బాగా కాస్తే చూద్దాం" అనేవాడు. గాడిదలకు జీన్లు కుట్టుకునే మనిషికి ఆలివ్ కాయ కాపుతో ఏం పనో ఆమెకు ఏనాడూ అంతుబట్టలేదు.

ఇల్లు చిన్నది. వీధి తలుపు తోస్తే నేరుగా వంటిల్లు. దాని వెనక ఒక గది, పక్కన మెట్ల కింద పాయిఖానా. అంతే. పిల్లలు లేరు. ఆ ఇంట్లో పావు వంతు ఆమెది, తక్కినదంతా మరిదిదని పెద్దలు చెప్పారు. పావు వంతుకు గోడ కట్టి చూపించలేరు. లోపల కూర్చున్నదాని పావు ఇంట్లో ఉంటుంది, బయటికి పోయినదాని పావు మాటల్లో ఉంటుంది. చర్మాలవాళ్ళ సందులో ఇట్టో అనే ఆవిడ, మొగుడు పోయిన నాలుగు నెలల పది రోజుల గడువులో, ఇల్లు కురుస్తోందని అన్న ఇంట్లో రెండు రాత్రులు పడుకుని వచ్చింది. వచ్చేసరికి తలుపుకు కొత్త తాళం. గడువు మధ్యలో మొగుడి ఇల్లు వదిలిన దానికి ఇంకెక్కడి హక్కు అన్నారు. న్యాయం ఆమె పక్షానే ఉందని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

అయ్యాషీ ఆ మధ్యాహ్నమే వచ్చాడు. వెనక బూష్తా మేస్త్రీ, గాడిద మీద టైల్స్ పెట్టెలు. అయ్యాషీ గడప దాటకుండా బయటే నిలబడి దగ్గాడు. మర్యాద తెలిసినవాడు. ఆ మర్యాదంటేనే ఆమెకు మొదటి నుంచీ బెదురు.

"వదినా, పాత నేల తవ్వే పనిలేదు. దానిమీదే కొత్తది పరిచేస్తాడు. దుమ్మూ లేదు, చప్పుడూ లేదు. నువ్వొక రెండు రోజులు జూమీలో మీ అన్న దగ్గర ఉండొస్తే..."

"నేను కదలకూడదు కదా అయ్యాషీ."

"అవసరానికి కదలొచ్చు. మసీదు పెద్దాయన్ని అడిగే చెబుతున్నా. పచ్చి సిమెంటు మీద ఎట్టా తిరుగుతావు?"

"గదిలో కూర్చుంటాను. పాయిఖానాకు పోను రాను ఒక చెక్క వేయిస్తే చాలు."

అయ్యాషీ నవ్వాడు. "నీ ఇష్టం. ఇల్లు నీది." ఆ మాట అతని నోట్లోంచి మరీ తేలిగ్గా వచ్చింది.

బూష్తా చెప్పులు విడిచి లోపలికి వచ్చి, సుత్తి తిరగేసి పట్టుకుని, దాని పిడితో ఒక్కొక్క బిళ్ళనూ తట్టుకుంటూ పోయాడు. చెవి నేలకు వాల్చి వింటున్నాడు. గట్టిగా పలికిన బిళ్ళను దాటేశాడు. డొల్లగా పలికినదాని మీద బొగ్గుతో గీత పెట్టాడు. తరవాత గీత పెట్టినవన్నీ పెకలించి, ఆ గుంటల్లో సిమెంటు మాలు నింపి చదును చేశాడు. పొయ్యి ముందరి గుంట కూడా పూడింది. ఇన్నేళ్ళ తన నీళ్ళగుంట నాలుగు తాపీల మాలుతో మాయం కావడం మెన్నానా గది గుమ్మంలోంచి చూసింది.

"నూనె జిడ్డు మీద సిమెంటు పట్టదమ్మా," అన్నాడు బూష్తా. "సోడా ఉంటే ఇటివ్వు, నేను తోముతా."

"నా జిడ్డు నేనే తోముకుంటాను," అని తెల్లబట్టలు మోకాళ్ళ పైకి బిగించి ఆమే దిగింది. ఆమె తోమిన మేర ఆరాక అతను ఉలితో పాత బిళ్ళల మీద గాట్లు కొట్టుకుంటూ వచ్చాడు. కొత్త మాలు పట్టుకోవడానికి ఆ గాట్లు. నున్నటిదాని మీద నున్నటిది నిలవదు.

సాయంత్రం అయ్యాషీ మళ్ళీ వచ్చినప్పుడు, బూష్తా ఒక కొత్త టైలును మాలు మందంతో సహా ఎత్తుపెట్టి తలుపు ముందర ఉంచి, తలుపును లోపలికి లాగాడు. తలుపు అంచు టైలుకు కొట్టుకుని ఆగిపోయింది.

"చూశావా అన్నా. నేల బొటనవేలి మందం లేస్తుంది. తలుపు లోపలికి తెరుచుకునేది. దీన్ని దించి ఇక్కడే అడుగున చిత్రిక పడితే గంట పని. రేపు పొద్దున్నే వడ్రంగిని పిలువు, నేల కంటే ముందు తలుపు పని కానిద్దాం."

"ముందు నేల కానీ. తలుపు సంగతి నేను చూసుకుంటా."

"చివరి వరసకొచ్చేసరికి ఎట్టాగూ దించాల్సిందే కదా, అదేదో ముందే..."

"బూష్తా," అన్నాడు అయ్యాషీ మెత్తగా. "మా గానుగ ఆవరణంతా రాయి పరచాలనుకుంటున్నా. ఆ పని ఎవరికివ్వాలా అని ఆలోచిస్తున్నా."

బూష్తా టైలు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. గదిలో కూర్చున్న మెన్నానా అన్నీ విన్నది. వినీ, అందులో భయపడాల్సింది ఎక్కడుందో వెంటనే పట్టుకోలేకపోయింది. తలుపును చిత్రిక పట్టడం ఎవరు చూసుకుంటే ఏమిటి?

*

మర్నాడు పొద్దున్నే నేలంతా తడిపి, సిమెంటు పాలు పోసి చీపురుతో గాట్లలోకి ఎక్కించాడు బూష్తా. దారం కట్టి, రసమట్టం పెట్టి చూసుకుని, గది గుమ్మం దగ్గర మొదలుపెట్టి వీధి వైపుకు వెనక్కి వెనక్కి జరుగుతూ పరిచాడు. మాలు పరవడం, పళ్ళ తాపీతో దువ్వడం, టైలును రెండు చేతులా దించి కొంచెం నలిపినట్టు తిప్పడం, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా రెండేసి దెబ్బలు. ప్రతి వరసకూ తూము వైపు వెంట్రుకవాసి వాటం ఇచ్చాడు. తూము మూతిని కూడా ఒక ముక్క గొట్టంతో పైకి లేపాడు. ఇటుకల మీద వేసిన చెక్క మీదుగా మెన్నానా అవసరానికి వెళ్ళి వచ్చింది, సర్కస్ పిల్లలా చేతులు చాపుకుని. ఎవరూ చూడటం లేదనుకుని ఒకసారి నవ్వుకుంది కూడా. లేతరంగు టైళ్ళ మీద సన్నటి నీలం చార. అల్లాల్ బతికుంటే "పాయసం ఒలికినట్టుంది" అని ఉండేవాడు.

నేల సగం దాటాక, చెక్క మీదుగా టీ గ్లాసు అందిస్తుంటే బూష్తా తలెత్తకుండానే అన్నాడు: "మీ ఆయన నా గాడిదకు జీను కుట్టాడమ్మా. ఇప్పటికీ దాని వీపు పుండు పడలేదు."

"దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి."

"తలుపును ఇల్లు దాటనీయొద్దు. ఇక్కడే చిత్రిక పట్టమను." అంతే అన్నాడు. టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు చెక్కమీద పెట్టి, మళ్ళీ సుత్తి అందుకున్నాడు. అప్పుడు తగిలింది ఆమెకు, ఎక్కడ భయపడాలో.

మధ్యాహ్నానికి అయ్యాషీ గానుగ మనుషులిద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె గది గుమ్మంలోంచే, ముసుగు సరిచేసుకుని అంది: "వడ్రంగి ఏడి?"

"పాత చెక్క వదినా, అడుగున పుచ్చింది. అంగడికి తీసుకెళ్ళాలి. పనిలో పనిగా కొత్త తాళం కూడా వేయిస్తా."

"కొత్త తాళమెందుకు?"

"ఒంటరి దానివి. నీ మంచికే."

"పుచ్చలేదు. నేను రోజూ తుడిచే తలుపు, నాకు తెలుసు. ఇక్కడే చిత్రిక పట్టించు."

"సాయంత్రానికల్లా తెస్తానంటున్నానుగా. ఎత్తండ్రా."

మధ్యలో పచ్చి నేల. ఆ నేల మీద పరిగెత్తి, పరాయి మగవాళ్ళ చేతుల్లోంచి తలుపు లాక్కోవడం తెల్లబట్టల్లో ఉన్న ఆడదాని వల్ల అయ్యే పని కాదు. అది అయ్యాషీకీ తెలుసు. వాళ్ళు తలుపును బందుల మీంచి పైకెత్తి భుజాన వేసుకున్నారు. నలుగురు మోసి ఉంటే అచ్చం శవంలాగే ఉండేది. ఇద్దరే మోశారు గనక తలుపు లాగానే సందు మలుపు తిరిగింది. బూష్తా ఖాళీ అయిన గడప దాకా చివరి వరస పరిచి, గుడ్డతో టైళ్ళ మీది మరకలు తుడిచి, ఆమె మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం తలుపు రాలేదు. మెన్నానా ఇటుకలు జరుపుకుంటూ, చెక్క మీదే మోకాళ్ళ మీద పాకి గుమ్మం దాకా వచ్చి, పక్కదుప్పటిని మేకులకు కట్టింది. గాలికి అది లోపలికీ బయటికీ ఊపిరి పీలుస్తోంది.

"నా ఇంట్లో పడుకుందువు రా," అంది షామా అవతలి నుంచి. "నాలుగు అడుగులు."

"వాడికి కావలసింది ఆ నాలుగు అడుగులే అత్తా."

మంచాన పడ్డ మొగుడు పిలిస్తే షామా వెళ్ళింది. ఆ రాత్రి ఎట్లా గడిచిందో మెన్నానా తరవాత కూడా ఎవరికీ చెప్పలేదు. తెల్లవారేసరికి మాత్రం రోకలి ఆమె ఒళ్ళోనే ఉంది.

*

అయ్యాషీ పొద్దున్నే వచ్చాడు. దుప్పటి అవతల నిలబడి, లోపలికి చూడకుండా, నేలకేసి మాట్లాడాడు.

"వడ్రంగి చేతినిండా పనిలో ఉన్నాడు వదినా. వారం పట్టేట్టుంది. రాత్రంతా నాకు నిద్రలేదు. తలుపు లేని ఇంట్లో, తెల్లబట్టల్లో, ఒంటరి ఆడది. ఈ సందులో రాత్రి ఎవరెవరు తిరిగారో అప్పుడే బజార్లో మాట్లాడుకుంటున్నారు. నిన్ను నేను అనుమానిస్తానా? కానీ అన్న పేరు ఉంది కదా. మధ్యాహ్నం కంచరగాడిదను పంపుతా, జూమీ వెళ్ళిపో. తలుపు బిగించాక నేనే వచ్చి తీసుకొస్తా."

ఆమె బదులు పలకలేదు. అతను దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకుని వెళ్ళిపోయాడు. తప్పు అతనిది కూడా కాదు, ఆమెకే అది ఒప్పుకోలనిపించింది. ఇంకో రాత్రి రోకలి పట్టుకుని కూర్చోవడం తన వల్ల కాదు. మంచం కింద నుంచి మూట గుడ్డ తీసింది. రెండు జతల బట్టలు, జపమాల, అల్లాల్ జీన్లు కుట్టే దబ్బనం. దబ్బనం ఎందుకో ఆమెకే తెలియదు. మూట కట్టి, ఆరిన నేల మీద మొదటిసారి కాలు పెట్టి, వంటింటి మధ్యలో నిలబడింది. చల్లగా, చదునుగా ఉంది. కోరుకున్న నేలే. దాని మీద మొదటి నడక బయటికి నడవడానికి.

అప్పుడే గాలికి దుప్పటి ఒక పక్కకు తొలిగింది. ఆలివ్ కాయల బస్తాలతో గానుగకు పోతున్న పల్లెటూరి ముసలాయన ఒకడు తలుపు లేని గుమ్మాన్నీ, లోపల తెల్లబట్టల్లో నిలబడ్డ ఆడమనిషినీ చూసి, గాడిదను ఆపాడు. చెప్పులు విడిచాడు. రెండు అరచేతులూ పైకి చాపి పెదాలు కదిపాడు.

"దేవుడు నీకు ఓర్పునివ్వాలి తల్లీ. ఇవాళేనా నలభయ్యోనాడు? పారాయణం వాళ్ళు ఇంకా రాలేదా?"

"నీకెవరు చెప్పారు బాబాయ్?"

"ఒకరు చెప్పాలా?" అన్నాడు అతను ఆశ్చర్యంగా. "తలుపు తీసే ఉందిగా."

బస్తాలోంచి దోసెడు కాయలు తీసి గడప మీద పోసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మెన్నానా ఆ కాయల వంక చూస్తూ నిలబడింది. ఆ ఊళ్ళో చావు జరిగిన ఇంటికి పిలుపులుండవు. తలుపు బార్లా తీసిపెడతారు, అంతే. దారినపోయేవాడైనా వచ్చి కూర్చోవచ్చు, ప్రార్థించవచ్చు, తినవచ్చు. వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావనే హక్కు ఇంటివాళ్ళకు కూడా లేదు. మూడు రోజులు అట్లా, మళ్ళీ నలభయ్యోనాడు అట్లా. రాత్రంతా ఆమె దుప్పటి కట్టి దాచుకున్నది సిగ్గుపడాల్సిన సంగతే కాదు.

దుప్పటిని మేకుల మీంచి ఊడదీసింది. నాలుగు మడతలు పెట్టి గదిలో పెట్టింది. మూట విప్పింది.

"అత్తా!" అని కేకేసింది. "పొయ్యి దగ్గరికెళ్ళు. ఏమీ కల్పించి చెప్పకు. మెన్నానా ఇంటి తలుపు తీసి ఉందని మాత్రం చెప్పు."

షామా గుమ్మాన్ని చూసింది, మెన్నానాను చూసింది. పళ్ళులేని నోరు మెల్లగా సాగింది. "నలభయ్యోనాడికి ఇంకా వ్యవధి ఉందేమో కదే?"

"నాలుగు రోజులు ముందైతే ఆయన లేచొచ్చి అడుగుతాడా?"

"అడగడు. బతికున్నప్పుడే ఏదీ అడిగినవాడు కాదు," అని షామా కర్ర పుచ్చుకుంది.

మొదట వచ్చింది ఫామాయే. ఎండు చిక్కుడు గింజల జావ కుండ తలమీద. తరవాత పొయ్యి దగ్గరి ఆడవాళ్ళందరూ, పిండి చేతులతోనే కొందరు. కొత్త నేల చూసి ఎవరికి వాళ్ళే చెప్పులు గడప బయట విడిచి, గోడల వెంబడి ఆనుకుని కూర్చున్నారు. "ఎంత నున్నగా ఉందే!" "జారిపడతావు, కుదురుగా కూర్చో." "పడితే నీ ఒళ్ళోనే పడతాలే, మెత్తగా ఉంది." ఇద్దరు పారాయణం ముసలివాళ్ళను షామా ఎక్కడి నుంచి పట్టుకొచ్చిందో గదిలో కూర్చోబెట్టింది. పొయ్యి మీద కుస్కుస్ రవ్వ ఆవిరికి ఎక్కింది. ఇంతలో బూష్తా తెల్ల సిమెంటు డబ్బా పట్టుకుని వచ్చి గుమ్మంలో బిగుసుకుపోయాడు.

"అయ్యో తల్లుల్లారా, ఇంకా టైళ్ళ సందులు పూడ్చలేదు!"

"మా చుట్టూ పూడ్చుకో నాయనా. మేము కదలం."

నిజంగానే అట్లాగే పూడ్చాడు. ఒకామె కాలు ఎత్తితే కింద సందు నింపి, ఆమె దించితే పక్కామె కాలి దగ్గరికి జరిగి, తడిగుడ్డతో తుడుచుకుంటూ. నవ్వులు వినిపిస్తున్నాయి. మెన్నానాకు మాత్రం ఒక చెవి సందు మలుపులోనే ఉంది, కంచరగాడిద గిట్టల కోసం. వీళ్ళంతా తిని లేస్తే? చీకటి పడితే?

"అవునుగానీ, తలుపేదే?" అని అడిగింది ఎవరో.

నవ్వులు ఆగాయి. బూష్తా మోకాళ్ళ మీదే ఉండి, నేలతో అన్నట్టు అన్నాడు: "వడ్రంగి కోసమని తీసుకెళ్ళారు. బొటనవేలి మందం చిత్రిక పట్టాలి. ఇక్కడే గంట పని."

ఫామా జావ కలుపుతున్న గరిటె ఆపింది. మొహం ఎర్రబడింది. కుండలోకే చూస్తూ అంది: "వడ్రంగి దగ్గరికి పోలేదు. మోసినవాళ్ళలో మా ఆయన ఒకడు. గానుగ వెనక కొట్టంలో గోడకు ఆనించి, మీద గోనెపట్టా కప్పారట. ఇల్లు చూసి కొనడానికి టాంజియర్ నుంచి మనుషులు వస్తున్నారనీ, ఇవాళ్టికి ఖాళీ అవుతుందనీ..." మాట మింగింది. "నాకు రాత్రే తెలిసింది. దేవుడి తోడు, రాత్రే."

పక్కన కూర్చున్నామె ఫామా చేతిలోంచి గరిటె తీసుకుని కలపసాగింది. లేవబోతున్న ఇద్దరు ముగ్గురు మళ్ళీ కూర్చున్నారు. ఒకామె తన పిల్లకు కేకేసి దుప్పట్లు తెమ్మంది.

గిట్టల చప్పుడు వినబడింది. ముందు కంచరగాడిద, వెనక అయ్యాషీ, అతనితో శుభ్రమైన అంగీల్లో ఇద్దరు పరాయి ఊరి మనుషులు. అయ్యాషీ ఏదో వివరిస్తూ వస్తున్నాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాట తెగిపోయింది.

పరాయివాళ్ళు తెల్లబట్టలనూ, తెరిచిన గుమ్మాన్నీ, లోపలి పారాయణాన్నీ చూశారు. పెద్దమనుషులు, మర్యాద ఎరిగినవాళ్ళు. చెప్పులు విడిచి, "దేవుడు మీకు ఓర్పునివ్వాలి" అంటూ తలలు వంచుకుని ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి, గదిలో పారాయణం వాళ్ళ పక్కన కూర్చున్నారు. షామా వాళ్ళ చేతుల మీద నీళ్ళు పోసింది. కుస్కుస్ పళ్ళెం వాళ్ళ ముందరికి వెళ్ళింది.

అయ్యాషీ గడప అవతలే నిలబడ్డాడు. లోపల కాలు పెట్టే చోటు లేదు. ఆడవాళ్ళెవరూ జరగలేదు.

"వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "ఏమిటిదంతా? నాతో ఒక్కమాట చెప్పకుండా..."

"తలుపు తీసి ఉంది. జనం వచ్చారు."

"సరే, సరే. తలుపు సాయంత్రానికి తెప్పిస్తా. నేనే దగ్గరుండి బిగిస్తా. ముందు తినడం కానిచ్చి వీళ్ళను పంపించు. ఎప్పటిదాకా కూర్చుంటారు ఇట్టా?"

మెన్నానా చేతిలోని పళ్ళెం దించింది. ముసుగు సర్దుకోలేదు. గది లోపలివాళ్ళకు కూడా వినబడేట్టు అంది:

"నువ్వు తలుపు తెచ్చేదాకా వీళ్ళు కూర్చుంటారు. తెచ్చాక నేను కూర్చుంటాను. నువ్వు మాత్రం ఆ గడప అవతలే ఉండు."